ఊటీ చలిలో పెరుగు

మల్లక్క చిటికెన వేలు పాలల్లో ముంచి తీసింది. ఈ చలికి గోరువెచ్చగా ఉంటే చాలదు, ఇంకాస్త వేడి ఉండాలి. సరిగ్గా అంతే ఉంది. ఉన్న తోడంతా వేసి గరిటెతో నెమ్మదిగా కలిపింది. ఇంటినుంచి తెచ్చిన తోడు అది. ఏ రోజు పెరుగులోంచి ఆ రోజు కొంత తీసి పెట్టుకుంటూ ఇంతదూరం తెచ్చింది. ఇదీ తోడుకోకపోతే ఇక తోడు లేదు.

పరకాల దగ్గరి పల్లె ఆమెది. కొన్నేళ్లుగా వరంగల్ మట్టెవాడ నుంచి బయల్దేరే యాత్రా బస్సులో వంట చేస్తోంది. దేశమంతా చూసింది, పొయ్యి వెనక నుంచి. జైసల్మేరు ఇసుక తిన్నెలంటే అన్నం మీద తడిగుడ్డ కప్పవలసిన చోటు. కచ్ ఉప్పునేల దగ్గర నీళ్లకు పప్పు ఓ పట్టాన ఉడకదు. అలెప్పీ కాలువల పక్కన వేయించిన అప్పడం విస్తట్లోకి వచ్చేలోపే మెత్తబడుతుంది. హంపిలో మాత్రం పొయ్యికి రాళ్లు వెతికే పని లేదు.

ఊటీ ఆమెకు కొత్త. నిన్న సాయంత్రం వరంగల్ అలవాటున చుక్క తోడేసి, గిన్నెను నేలమీదే పెట్టింది. పొద్దున మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి.

యాత్రికులంతా సాంబారుతో సరిపెట్టుకున్నారు. బట్టల కొట్టు రామలింగం భార్య విజయలక్ష్మికే కష్టమైంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో మొదలైన వాంతులు తగ్గలేదు. దవాఖానలో మందిచ్చి, పెరుగన్నం తినమన్నారు. దుకాణంలో కొన్న పెరుగు పుల్లగా ఉండి కడుపులో నిలవలేదు.

"రేపు పొద్దుగాల గూడ ఏం తినకపోతే కారు మాట్లాడుత. సీదా ఇంటికే," అన్నాడు రామలింగం.

"ఇంతదూరమొచ్చి లాడ్జి గోడలు చూసి పోవాల్నా? జర ఆగుండ్రి," అంది విజయలక్ష్మి నీరసంగా. కొండలు చూద్దామని కొట్టు మూయించి ఆయన్ను బయల్దేరదీసింది ఆమే.

బస్సు అప్పుడే ఊరు తిరిగొచ్చి ఆగింది. డ్రైవర్ సీటు పక్కన ఇంజను మూత ఇంకా కాలుతోంది. మల్లక్క గిన్నెను దానిమీద పెట్టి, డ్రైవర్ సాంబయ్య రగ్గు లాగి చుట్టూ కప్పింది.

"ఓ మల్లక్కా! నా రగ్గు పాలకిస్తే నేనేం కప్పుకోవాలె?"

"నువ్వేమన్న తోడుకునేదున్నదా? రెండంగీలేసుకొని పండు. నేను దించకముందు బండి స్టార్ట్ చేసినవో, రేపు నీకు చాయ్ బంద్."

తెల్లవారగానే వెళ్లి రగ్గు విప్పింది. గిన్నెను కొంచెం వంచి చూసింది. పెరుగు కదల్లేదు. "అమ్మయ్య" అంటూ బస్సు మెట్టుమీద కూలబడింది.

"అయిందా? నేను గూడ గడ్డకట్టిన," అన్నాడు సాంబయ్య, చేతులు చంకల్లో పెట్టుకుని.

అన్నం మెత్తగా వండి, మెదిపి, ఆరనిచ్చి పెరుగు కలిపింది. ఉప్పు తప్ప ఏమీ వేయలేదు. విజయలక్ష్మి ఒక ముద్ద తిని ఆగింది. రామలింగం ఫోన్ చేతిలో పట్టుకుని ఆమె మొహమే చూస్తున్నాడు. ఇంకో ముద్ద తింది. కాసేపటికి గిన్నె ముందుకు జరిపింది.

"ఇంకింత పెట్టు మల్లక్కా. మనింటి పెరుగు లెక్కనే ఉన్నది."

రామలింగం ఫోన్ జేబులో వేసుకున్నాడు. "నా సంచి ఏడున్నదో చూడు. బస్సు పోతదేమో!"

"సంచి భుజానికే ఉన్నది గదా!" అంది విజయలక్ష్మి. రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

మల్లక్క రేపటికి తోడు తీసి పక్కన పెట్టింది. మిగతా పెరుగన్నం డబ్బాలో సర్ది, మూత బిగించి, కిటికీలోంచి విజయలక్ష్మి చేతికి అందించింది. బస్సు తేయాకు తోటల వైపు కదిలింది.