అంగరక్షకుడు ఎప్పుడు తింటాడు

నేను రాస్తున్న నవలలో రాజ అంగరక్షకుడికి ఉండవలసినవన్నీ ఇచ్చాను. రెండు కత్తులు, ఒకటి కనిపించేది, ఒకటి కనిపించనిది. మోకాళ్ళ దాకా తోలు జోళ్ళు. అంతఃపురంలో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో మరిచిపోని జ్ఞాపకం. రాణి చేతిలో చెయ్యి వేసి చేసిన ప్రమాణం. మొదటి అధ్యాయం చదివి వినిపించాక అమ్మ అడిగిన ప్రశ్న వీటిలో దేని గురించీ కాదు.

“వాడు ఎప్పుడు తింతాడ్రా?”

“ఎవడు?”

“ఆ కాపలావోడు. పొద్దున్నించి తలుపుకాడ నిలబెట్టీసినావు గదా. అన్నం ఎవులెడతన్నారు?”

నేను చదివిన ఇలాంటి కథల్లో అంగరక్షకులు తినరు. గాయపడతారు, కాపలా కాస్తారు, చచ్చిపోతారు.

వారమంతా ఒక కర్మాగారంలో కొలత పరికరాలు సరిచూడడం నా పని. ఆదివారాలు ఫోనులో చదువుకునే పాఠకుల కోసం ఈ సీరియల్ రాస్తాను. బడిలో నేను చదివింది హిందీ, ఇంగ్లీషు. నా తెలుగంతా అమ్మ నోట్లోంచి వచ్చిందే. అందుకే ప్రతి అధ్యాయమూ పాఠకులకి పంపే ముందు టాటానగర్ సిద్ధగోరాలో మా అద్దె ఇంటి డాబా మీద, రేకుల నీడలో ఆమెకి చదివి వినిపిస్తాను. ఆమె వెల్లుల్లి ఒలుస్తూనో, బియ్యంలో రాళ్ళు ఏరుతూనో ఊ కొడుతుంది. ఊ ఆగిందంటే నా వాక్యంలో ఏదో తేడా ఉందన్నమాట. నేను ఆగి చూసుకుంటాను. పరికరాల దగ్గర నేర్చుకున్న అలవాటే.

అంగరక్షకుడి కష్టం శత్రువుల వల్ల వస్తుందని మొదట్లో అనుకునేవాణ్ణి. రాస్తున్నకొద్దీ తెలిసింది, శత్రువు వచ్చిన రోజు అతనికి సుఖమే. కత్తి తీస్తే సరిపోతుంది. ఇద్దరికి మాట ఇచ్చి, ఆ ఇద్దరూ ఒకే తలుపుకి చెరోవైపు నిలబడిన రోజు అతని పరువు అతనికే బరువవుతుంది. మా కర్మాగారంలో రెండు అలారాలు ఒకేసారి మోగితే దేన్ని ముందు చూడాలో ఎవరో ముందే నిర్ణయించి పెట్టి ఉంటారు. ఒట్లకి అలాంటి వరస ఎవరూ పెట్టలేదు.

ఈ సంగతి నాకు నవల వల్ల తెలియలేదు. ఇంట్లో తెలిసింది.

నాన్న టాటానగర్‌లో గూడ్సు బండి డ్రైవరు. డ్యూటీకి రమ్మని మొదట్లో మనిషి వచ్చేవాడు, తరవాత్తరవాత ఫోను వచ్చేది. కంచం ముందు కూర్చున్నా సరే, నాన్న చెయ్యి కడుక్కుని లేచేవాడు. అమ్మ ఆ కంచం మీద మూత వేసేది. మళ్ళీ మూత తీసేసరికి అన్నం బిరుసెక్కేది. పారెయ్యబుద్ధి కాక ఆమే తినేది. మా చిన్నతనంలో అమ్మ వేడి అన్నం తినగా చూసిన గుర్తు నాకు లేదు.

నాన్న రిటైరైన రోజు డ్యూటీకి తీసుకెళ్ళే ఇనప పెట్టె ఇంటికి వచ్చింది. చెల్లి దాని ముందు కూర్చుని ఎర్ర జెండా, పచ్చ జెండా తీసి ఊపుతూంటే, నాన్న సిగ్నళ్ళ గురించి చెబుతూంటే, అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

“ఈ పెట్టి మళ్ళీ ఈ గుమ్మం దాటకూడదు. మీ సెల్లికి మీ నాన్న పిచ్చే పట్టింది. అది ఆ పనిలోకి ఎల్లకుండా నువ్వే కాపలా. ఒట్టెయ్యి.”

ఆమె చేతిలో చెయ్యి వేశాను. నాన్న ఆ తరవాత రెండేళ్ళకి ఈ ఇంట్లోనే, నిద్రలో వెళ్ళిపోయాడు. చేతిలో చెయ్యి మాత్రం అలాగే ఉన్నట్టుండేది నాకు.

చెల్లి ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. ఈ ఏడాది ఎండాకాలంలో బూట్లు కొనాలని నన్ను బిష్టుపూర్ బజారుకి తీసుకెళ్ళింది. ఆడపిల్లల బూట్ల వైపు చూడనైనా చూడకుండా నల్లటి, లావుపాటి అడుగున్న జత ఎంచింది. బయటికొచ్చి చెరుకురసం బండి దగ్గర చెప్పింది. పరీక్ష పాసైంది. కంటిపరీక్ష కూడా అయిపోయింది. అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలింజన్లో డ్రైవరు పక్కన సహాయకురాలు. వచ్చే నెల ట్రైనింగులో చేరాలి.

“అమ్మ వద్దంటే వదిలేస్తా అన్నయ్యా. సచ్. కానీ అడిగే హిమ్మత్ వచ్చేదాకా నువ్వు చెప్పకు. మేరీ కసమ్.”

తన మీద ఒట్టన్నట్టు చెయ్యి చాపింది. చెరుకురసంతో జిగురుగా ఉంది. అందులోనూ చెయ్యి వేశాను.

ఆ వారం నవలలో రాజకుమార్తె రెక్కల గుర్రం స్వారీ రహస్యంగా నేర్చుకోవడం మొదలుపెట్టింది. పోయిన రాజు ఆ గుర్రం మీదే సరిహద్దు కొండకి ఎగిరివెళ్ళి, అక్కడి దీపం వెలిగించి వచ్చేవాడని రాశాను. కొమ్ము ఊదితే ఏ వేళనైనా వెళ్ళవలసిందే. ఇక ఆ కళ్ళెం తన కూతురు పట్టకూడదని రాణి అంగరక్షకుడి చేత ప్రమాణం చేయించుకుంది. గుర్రం సంగతి తల్లికి చెప్పవద్దని కూతురు చేయించుకుంది. అతను రెండు తలుపుల మధ్య నడవలో నిలబడ్డాడు. అక్కణ్ణించి ఏ దారులున్నాయో వరసగా ఆలోచించాను. చెబితే ఒకరికి ద్రోహం. చెప్పకపోతే ఇంకొకరికి. కొలువు మానేస్తే ఇద్దరికీ. నాలుగోది, ఇలాంటి కథల్లో అందరూ చేసేదే, అతన్ని చంపెయ్యడం.

ఆ అధ్యాయం చదవబోయిన ఆదివారం అమ్మ వెల్లుల్లి ముందేసుకుని కూర్చుంది. చెల్లి కింది నుంచి టీ తెచ్చి, మెట్ల దగ్గరే గోడకి ఆనుకుని నిలబడింది. నేను గుర్రం దాకా వచ్చాను. అమ్మ ఊ కొడుతూనే ఉంది. కొమ్ము దాకా వచ్చాను. ఊ నెమ్మదించింది.

“ఆ గుర్రానికి బ్రేకులున్నాయేటి?” అంది తల ఎత్తకుండా.

“గుర్రానికి కళ్ళెం ఉంటుందమ్మా.”

“సరే, సదువు.”

రెండు ప్రమాణాలూ చదివాను. నడవలో బాకు దెబ్బకి అంగరక్షకుడు నేలకొరిగేదీ చదివాను. ఊ రాలేదు. ఆగాను. వీధిలో పాత ఇనుము కొనేవాడి కేక వినిపించి దూరమైంది.

“వాణ్ణెందుకు సంపీసినావు?”

“ఇద్దరికీ మాట తప్పకుండా ఉండాలంటే ఇంకో దారి లేదు.”

“సచ్చిపోతే ఆళ్ళిద్దరికీ ఒరిగిందేటి? తల్లి ఇటు, కూతురు అటు. మద్దిన ఒక శవం.” ఒక వెల్లుల్లి రెబ్బ పొట్టు తీసి గిన్నెలో వేసింది. “అసలు ఆ పిల్ల ఏదిరా? తలుపు ఎనకాలే ఉండిపోద్దా?”

మెట్ల దగ్గర టీ గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు. మా చెల్లికి అమ్మ తెలుగులో ఏదడిగినా హిందీలో జవాబివ్వడం అలవాటు. ఆ రోజు ఒక్క హిందీ మాట కూడా కలపలేదు.

“అమ్మా, నాకు నాన్న ఉద్యోగం వచ్చింది.”

అమ్మ చెయ్యి ఆగింది.

“గూడ్సా?”

“ముందు ట్రైనింగు. తరవాత గూడ్సే.”

“ఏళగాని ఏళ పిలుత్తారా?”

“పిలుస్తారు.”

“నాన్నకి నచ్చినందుకేటి, నీకు నచ్చినందుకేటి?”

చెల్లి గోడ వదిలి నిటారుగా నిలబడింది. “మొదట నాన్న కోసమే అనుకున్నాను. ఇప్పుడు నా కోసం. నువ్వు వద్దంటే మానేస్తాను.”

అమ్మ నా వైపు తిరిగింది. “నీకు తెలుసు.”

“అన్నయ్యని అనకు. చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నాను,” అంది చెల్లి.

“నానూ ఏయించుకున్నాను,” అంది అమ్మ. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, గడ్డంతో నన్ను చూపించింది. “అందుకే ఈ గుంటడు వారం దినాల నించి కూర కలుపుకోకుండా తింతన్నాడు.”

మిగిలిన వెల్లుల్లి అంతా ఒలిచింది. వద్దంటుందనే అనుకున్నాను. అనడానికి ఆమెకి హక్కుంది, చల్లారిన అన్నం అన్నేళ్ళు తిన్నది ఆమే. చెల్లి మెట్టు మీద కూర్చుని తన కాలివేళ్ళు చూసుకుంటోంది. చివరికి అమ్మ పొట్టు దులుపుకుని లేచి, “సెయ్యి ఇటియ్యి,” అంది నాతో.

ఇచ్చాను. నా అరచేతిలోంచి రెండు వేళ్ళతో ఏదో చిన్న వస్తువు ఎత్తినట్టు ఎత్తింది. ఆమె వేళ్ళకి వెల్లుల్లి వాసన. దాన్ని జాగ్రత్తగా పట్టుకుని వెళ్ళి డాబా పిట్టగోడ మీద, మూలగా పెట్టింది.

“ఒట్టు తీసి గట్టు మీద ఎట్టేసినాను. ఇంక నీకు నేదు.”

చిన్నప్పుడు ఆటల్లో మేమూ అలాగే తీసి పెట్టేవాళ్ళం. పెద్దవాళ్ళ ఒట్టు కూడా అలాగే తీయవచ్చని నాకు తట్టలేదు. వేయించుకున్నవాళ్ళు తీస్తే చాలు. నేను రాసుకున్న నాలుగు దారుల్లోనూ ఇది లేదు, ఎందుకంటే ఆ నాలుగింటిలోనూ నడిచేది అంగరక్షకుడొక్కడే.

చెల్లి కూడా వచ్చి నా రెండో చేతిలోంచి తన ఒట్టు తీసి ఆ పక్కనే పెట్టింది. అప్పుడు అమ్మ దాని జడ పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“ఒకటే సెప్తన్నాను ఇనుకో. ఫోనొచ్చినా, పిలుపొచ్చినా, తినే ఎల్లాల. నిలబడైనా తిను. కంచం మీద మూత ఇంక నాను ఎయ్యను.”

“హాఁ,” అంది చెల్లి, ఏడుస్తూ. హిందీ తిరిగి వచ్చేసింది.

ఆ అధ్యాయం మళ్ళీ రాశాను. అంగరక్షకుడు బతికాడు. రాజకుమార్తె తన తలుపు తనే తీసుకుని నడవలోకి వచ్చింది. ప్రమాణాలు వెనక్కి తీసుకున్నాక రాణి మొదట చేసిన పని అతనికి అన్నం పెట్టించడం. యుద్ధం ఎప్పుడు మొదలవుతుందని పాఠకులు అడుగుతున్నారు. మొదలవుతుంది. అతను ముందు తినాలి.

చెల్లి ట్రైనింగుకి వెళ్ళి, మొన్న రెండు రోజుల సెలవు మీద వచ్చింది. నాన్న పెట్టెకి కొత్త రంగు వేసుకుంటానని డాబా మీదికి మోసుకొచ్చి, బ్రష్షూ రంగుడబ్బా పిట్టగోడ మూల మీద పెట్టింది. అమ్మ అక్కడే వడియాలు పెడుతోంది.

“అక్కడెట్టకు. అక్కడ మీ అన్న ఒట్లున్నాయి.”

చెల్లి డబ్బా తీసి కింద పెట్టింది.