పడ్డదా? పడ్డది!

చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే లోకంలో బాగుకానిదంటూ ఉండదని నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. తాండూరులో కొత్త ఉద్యోగం, జీతం కళ్లజూడగానే కొన్న పాత వ్యాను, దానికి పక్కకు జరిపే తలుపు. ఆ తలుపు వేస్తే పడేది కాదు. పడ్డట్టే కనిపించి, గుంత రాగానే నెమ్మదిగా వెనక్కి జారేది. మెకానిక్ దగ్గరికి పోవడం నాకు నామోషీ. కొక్కెం తగులుకునే చోట సైకిల్ ట్యూబు ముక్క కుక్కి, మరలు బిగించి, టక్కుమని వేసి చూశాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. (చూసింది నేనొక్కణ్ణే.)

ఆ వారమే మా అక్కకు తాండూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలను వికారాబాద్‌లోని మా ఇంటికి తీసుకుపోవాలి. టాక్సీ మాట్లాడతానన్నాను. పైకి చెప్పలేదు గానీ తలుపు మీద లోపల అనుమానమే. మా పెద్దమ్మ ఒప్పుకుంటేగా! "సొంత మేనమామ ఉండంగ పరాయోళ్ల బండెందుకురా?" అంది. "డోర్ జర గట్లనే ఉంటది పెద్దమ్మా" అని నసిగాను. "బాగ చేసిన అని అందరికి చెప్పుకుంటివి గద!" నా గొప్పలే నా మెడకు చుట్టుకున్నాయి.

అక్క పాపను ఒళ్లో పెట్టుకుని లోపలి వైపు కూర్చుంది. పెద్దమ్మ తలుపు పక్కన, ఆమె కాళ్ల దగ్గర కందిపప్పు సంచి (తాండూరు దాకా వచ్చి పప్పు కొనకుండా పోవడం మా పెద్దమ్మ వల్ల కాదు). పాప నిద్రపోతోంది. నా ప్రాణమంతా ఆ తలుపు మీదే ఉంది. గుంత దాటిన ప్రతిసారీ గొంతు తగ్గించి "పడ్డదా?" అని అడగడం, పెద్దమ్మ తలుపు లాగి చూసి "పడ్డది" అనడం. నన్ను నమ్మి అంత చిన్న ప్రాణాన్ని నా బండిలో ఎవరూ ఎక్కించలేదు అంతకు ముందు. నిజంగానే భయమేసింది.

ఒకచోట రోడ్డు తవ్వి వదిలేశారు. వ్యాను ఎగిరి పడింది. "పడ్డదా?" అన్నాను. "పడ్డది! పడ్డది కొడుకా!" అని పెద్దమ్మ అరిచింది. అంత గట్టిగా చెబుతోంది కదా అని ధైర్యమొచ్చి యాక్సిలరేటర్ తొక్కాను. "అరే, పడ్డదంటుంటే ఉరికిస్తవేందిరా!" గాలి చెవిలో కొట్టింది. అద్దంలో చూస్తే తలుపు ఉండాల్సిన చోట కందిచేను పరుగెడుతోంది. మరి పడ్డదేమిటి? బ్రేకు ఎలా వేశానో నాకే తెలియదు. ఆ ఊపుకు తలుపు జారి వచ్చి, వ్యాను నా చేతికి వచ్చాక మొదటిసారి సరిగ్గా పడింది. "అక్కా, పాప?" అన్నాను.

"ఉన్నది తమ్మీ. పప్పు పడ్డది."

వెనక్కి పోయి, చిరిగిన సంచిలో మిగిలిన పప్పు తెచ్చాను. తలుపు గట్టిగా పడి ఉన్నా, పెద్దమ్మ ఇల్లు చేరేదాకా దాని పిడి రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

ఇంటి ముందు అమ్మ దిష్టి నీళ్లతో సరిగ్గా ఆ తలుపు ఎదురుగానే నిలబడింది. తలుపు రాదు. నేను కుక్కిన ట్యూబు ముక్క ఎక్కడో ఇరుక్కుని, ఈసారి పడ్డది పడ్డట్టే ఉండిపోయింది. చివరికి అక్క ముందు సీటు మీదుగా పాపను నా చేతికిచ్చింది. నా కోడలు డ్రైవర్ తలుపులోంచి, నా చేతుల మీద ఇంట్లోకి వచ్చింది. పెద్దమ్మను దించడం వేరే కథ. అది ఆమె ఇప్పటికీ క్షమించలేదు.

ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది. నా కొత్త కారు తలుపు సరిగ్గా పడకపోతే ఆ కారే బీప్‌మని కూస్తుంది. అయినా కోడలు ఎక్కగానే నా నోట "పడ్డదా?" అని వచ్చేస్తుంది. "బండే చెప్తది గద మామా, మళ్ల నువ్వెందుకు అడుగుతవ్?" అని విసుక్కుంటూనే తలుపు లాగి చూసి "పడ్డది" అంటుంది. నేను మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి, ఏది పడ్డదో చూసుకున్నాకే బండి కదిలిస్తాను.