గుమ్మడిదల డాబా మీద తోమిన పళ్ళెం

"ఫలితాలు తేలగానే మేమే వచ్చి చెబుతాం" అని మా ప్రయోగశాల పెద్ద, గుమ్మడిదల రైతు మల్లయ్యకు మాటిచ్చి నలభై ఏళ్లు కావస్తోంది. ఆయన వెళ్లలేదు. ఆ మాట తీర్చడానికి మొన్న నేను బయలుదేరాను.

ఉదయం ఏడింటికి పటాన్‌చెరులో జిన్నారం బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోకు వంద రూపాయలు. దారిలో ఘాటు గొంతు పట్టుకుంటే రుమాలు తీశాను. డ్రైవర్ నవ్వాడు. "గిప్పుడేంది సార్! పొద్దుగూకినంక రాండ్రి, ఫ్యాక్టరోళ్లు అసలు అత్తరు గప్పుడు కొడతరు."

ఎనభైల్లో పరాయి దేశంలో ఒక అణు కేంద్రం పేలింది. ఆ ధూళి గాలిలో తిరిగి తిరిగి, అతి కొద్దిగా మన డాబాల మీదా పడింది. ఎక్కడ ఎంత పడిందో కొలిస్తే, గాలి పోకడ గురించి మేం వేసిన లెక్క సరైనదో కాదో తేలుతుంది. లెక్క నిలిస్తే, ఫ్యాక్టరీల పొగ ఎవరి ఇంటి మీదికి పోతుందో దానితోనే చెప్పవచ్చు. మల్లయ్య ఆశ అదే. అందుకే ధూళి అంటుకునేలా గ్రీజు పూసిన మా పళ్ళేన్ని తన డాబా మీద పెట్టనిచ్చాడు.

తీయడానికి నేను వెళితే పళ్ళెం తళతళలాడుతోంది. "సార్లొస్తున్నరని బూడిదేసి తోమిన. గంత జిడ్డుంటే ఇంటి ఇజ్జత్ పోదా?" అంది ఆయన భార్య సత్తెమ్మ.

పళ్ళెం తోమేశారని ఆ రోజే మా పెద్దాయనకు చెప్పాను. చుట్టుపక్కల పళ్ళేలన్నిటిలో ధూళి దొరికింది. ఖండాలు దాటి వచ్చిన ధూళి ఆ ఒక్క డాబాను తప్పించుకుపోయిందట! "గాలి ఆ ఊరికి పోదు" అని ఆయన నివేదికలో రాసి ప్రభుత్వానికి పంపాడు. పొగ గురించి ఊరు మొరపెట్టుకున్నప్పుడల్లా అధికారులు ఆ వాక్యమే చూపించారు.

సత్తెమ్మ గుర్తుపట్టింది. "పళ్ళెం సారువా! ముసలోనివైనవ్ గదా." జొన్నరొట్టె పెట్టింది. మల్లయ్య లేడు. జరిగింది చెప్పాను.

ఆమె చేయి ఆగింది. "నేను తోమినందుకేనా గిదంత?"

"కాదమ్మా. తోమావని మా పెద్దాయనకు తెలుసు. తెలిసే రాశాడు."

"మా ఆయన సచ్చేదాంక అడిగిండు. గాలి గిటు రాకపోతే నా దగ్గు యాడికెల్లి వచ్చిందని." ఇంకో రొట్టె వేసి, "గా సారున్నడా?"

"ఉన్నాడు."

"మరి నువ్వెందుకొచ్చినవ్? ఆయన్ని తోలుకరా. నీ మాట ఎవలింటరు?"

తిరుగు బస్సెక్కాను. ఇన్నేళ్లలో గాలి గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. అవేవీ ఆమె ప్రశ్నకు పనికిరాలేదు.

వెళ్లేవారికి ఒక సూచన: చీకటి పడేదాకా అక్కడే ఆగండి, తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి. గాలి ఎటు పోతుందో ఏ లెక్కా లేకుండా మీకే తెలుస్తుంది. సత్తెమ్మను నేను ఒక్క మాట అనను. తోమిన పళ్ళేన్ని ఆ ఊరి మీదే సాక్షిగా నిలబెట్టినవాడు మా పెద్దాయన, డాక్టర్ శేషగిరి రామనాథం.