లక్ష్మప్పకు వచ్చింది పూనకం కాదు

ఆదోని ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే మల్లేశ్వరి పొద్దున్నే వార్డుకు రాగానే కిటికీలు బార్లా తీసేది. తర్వాత మంచం మంచం దగ్గరా ఆగి, "ఈ పొద్దు గురువారమప్పా. ఇది ఆదోని ఆసుపత్రి. నేను మల్లేశ్వరిని" అని ఏ రోజుకారోజు చెప్పేది. ఇంట్లో దీపం పెట్టడం ఎంతో, ఆమెకు ఇదీ అంతే.

ఆ గురువారం లక్ష్మప్ప మంచం చుట్టూ జనం మూగి ఉన్నారు. ఎమ్మిగనూరు నేతగాడాయన. తుంటి ఆపరేషనై మూడో రోజు. గాలిలో పోగులు అతుకుతున్నాడు, ఎవరినో గద్దిస్తున్నాడు. భార్య సుంకులమ్మ ఆయన నుదుట కుంకుమ పెట్టి చేతులు జోడించింది. పక్క మంచం తిక్కయ్య అప్పటికే అడిగేశాడు.

"తల్లీ, మా బోర్లో నీళ్లు పడతాయా?"

"అతుకు! ఇంగా అతుకు!" అని లక్ష్మప్ప గద్దించాడు.

"ఇంగా లోతుకు ఏయమంటాండాది" అని తిక్కయ్య మురిసిపోయాడు.

సుంకులమ్మ మల్లేశ్వరి చెయ్యి పట్టుకుంది. "అమ్మవారు వచ్చినాది పాపా. ఇంటికి తోల్కపోయి మొక్కు తీర్చాల. ఆటో వస్తాండాది."

మల్లేశ్వరి లక్ష్మప్ప నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఈ ఒంటితో ఇల్లు చేరితే మనిషి దక్కడు. అయినా గొంతు పెంచలేదు.

"అన్నా, ఈ పొద్దు ఏ వారం?"

"పండగ."

"యాడుండావు?"

"మగ్గం గుంతలో. దీపమెవురు ఆర్పినారు?"

నిన్న ఇదే మనిషి వారం చెప్పడమే కాక, ఆమె చీర చూసి "మరమగ్గందమ్మా ఇది" అని వెక్కిరించాడు కూడా. మల్లేశ్వరి సుంకులమ్మ వైపు తిరిగింది.

"తల్లికి వారం తెలీకుండా ఉంటాదా అమ్మా? ఆయప్ప నాలిక చూడు, ఎట్ల ఎండిందో. ఒళ్లు కాలిపోతాంది. డాక్టరమ్మ వచ్చేదాకా ఆగు. తల్లికి నేను సెప్పుకుంటా."

డాక్టరు ప్రేమలత వచ్చి పరీక్షలు చేయించింది. మూత్రంలో ఇన్ఫెక్షన్, దాంతో జ్వరం. పైగా ఒంట్లో నీళ్లు లేవు, నిద్ర లేదు. "దీన్ని డెలీరియం అంటారు. పిచ్చి కాదు, జబ్బు వల్ల మెదడు తికమకపడింది. ఇన్ఫెక్షన్‌కు మందు వేస్తాను. చేతులు కట్టేయొద్దు. చుట్టూ ఉన్నది పోల్చుకునేలా ఆయన కళ్లద్దాలు పెట్టండి. పక్కనే కూర్చుని మాట్లాడుతూ ఉండమ్మా" అంది. సుంకులమ్మ ఆటోను వెనక్కి పంపింది.

ఆదివారానికి లక్ష్మప్ప తేరుకున్నాడు. తేరుకోగానే సిగ్గు పట్టుకుంది.

"అందురి ముందర నవ్వులపాలైతినే!"

"నవ్వులేందన్నా! నీ మాట మీద తిక్కయ్యన్న బోరు ఇంకో నూరడుగులు ఏపిస్తాండాడు."

నవ్వించి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, వార్డు చివరికి నెట్టుకుపోయింది. హొళగుంద నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు తెల్లవారుజాము నుంచి లక్ష్మప్పకు వచ్చిన తికమకే వచ్చి బెదురు చూపులు చూస్తున్నాడు. మందు మొదలైంది కానీ, ఎవరు దగ్గరికి పోయినా ఉలిక్కిపడుతున్నాడు.

"ఈయప్పకు కన్నడమే వస్తాది. నీకు వచ్చు కదా. లోపల ఎట్లుంటాదో నీకు తెలిసినట్ల మాకు తెలీదు. రొంతసేపు పక్కన కూర్చోని, బయపడొద్దని సెప్పన్నా."