పక్క కుర్చీ చప్పుడు

ఈ ఉదయం తోటపల్లి గూడూరు దగ్గర బస్సు ఆగినప్పుడు, రొయ్యల గుంటలో ఏరియేటర్ నీళ్లను ఎడతెగకుండా చిలుకుతున్న చప్పుడు వినిపించింది. కొన్నేళ్ల కిందట మేం చేసిన వీడియో గేములో వాన శబ్దం అదే. అప్పుడు చెంగమ్మక్క ఇలాంటి గుంట గట్టు మీద గొంతుక్కూర్చుని దాన్ని ఫోన్‌లో రికార్డు చేస్తుంటే, నేను ఆమె చెప్పులు పట్టుకుని నిలబడ్డాను.

అక్క పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఇంటి పిల్ల. నెల్లూరులో ఒక చిన్న ఆఫీసులో ఇద్దరం వీడియో గేములు తయారుచేసేవాళ్లం. ఆమె ప్రోగ్రాం రాసేది, నేను కథా, మాటలూ రాసేదాన్ని. నోటితో చెప్పలేనివి డైరీలో రాసి, ఆ పేజీ ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయేదాన్ని. ఆమె అంచున పెన్సిల్‌తో జవాబు రాసేది. మా స్నేహం చాలాకాలం అలాగే నడిచింది.

సరస్సు మీద పడవ నడిపే ఆట నా ఆలోచనే. ఎక్కువ చేపలు పట్టినవాళ్లు గెలుస్తారని రాశాను. అక్క చదివి నవ్వింది.

“ఏందమ్మే, దినామూ నువ్వే వల వేస్తే మిగతావాళ్లు ఏం తినాల? మా ఊళ్లో చేపలు బాగా పడే చోట్లకి వంతులుంటాయి. వంతు లేని రోజు మా నాయన గట్టున కూర్చుని వల బాగుచేసుకునేవాడు.”

కథంతా మార్చాను. వంతు లేని రోజున ఆడేవాళ్లు వల కుట్టుకోవాలి, పక్క పడవ వాళ్లతో మాట్లాడాలి. చివరికి ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే అయింది.

ఆట కొంటామని చెన్నై నుంచి ఇద్దరు వచ్చారు. అలాంటప్పుడు మాట్లాడేది ఎప్పుడూ అక్కే. ఆట ఆడి చూసి, వాళ్లలో పెద్దాయన, “ఈ ఖాళీ రోజులు విసుగు. అవి తీసేస్తే తీసుకుంటాం,” అన్నాడు. నేను అక్క వైపు చూశాను. ఆమె తన కుర్చీని కిర్రుమని వెనక్కి జరుపుకుంది.

“అది రాసింది ఈ పిల్ల. ఆమెనే అడగండి సార్.”

నేను బల్ల అంచు పట్టుకున్నాను. “ఆ రోజులు తీసేస్తే సరస్సులో మనమొక్కరమే మిగులుతాం సార్,” అన్నాను. వాళ్లు కొనలేదు.

మెట్లు దిగుతూ, “నావల్లే పోయింది కదక్కా,” అన్నాను.

“పోతే పోయిందిలే. నేనైతే తీసేస్తామని ఒప్పేసుకునుంటా. అందుకే కుర్చీ వెనక్కి జరుపుకున్నా.”

తర్వాత ఆటను మేమే విడుదల చేశాం. ఆడినవాళ్లు కొద్దిమందే. అక్క ఇప్పుడు బెంగళూరులో పనిచేస్తోంది. నేను మాత్రం ఇప్పటికీ పదిమందిలో మాట పెదవి దాకా వచ్చి ఆగినప్పుడు, కుర్చీ వెనక్కి జరిగిన ఆ చప్పుడు వింటాను. చెప్పాల్సింది చెప్పేస్తాను. ఆ తర్వాత, పక్కన ఇంకెవరైనా నోరు విప్పలేక కూర్చుని ఉంటే, నా కుర్చీని కాస్త వెనక్కి జరుపుకుంటాను.