అక్కను వెనక్కి తెచ్చుకున్నాం

మా అక్కకు చిన్నప్పుడు నీళ్లంటే భయం. కుందూ ఏటి వంతెన మీద బస్సు పోతుంటే కళ్లు గట్టిగా మూసుకుని అమ్మ కొంగు పట్టుకునేది. అలాంటి మనిషి నర్సు చదువు కాగానే అండమాన్‌లో ఉద్యోగం వచ్చిందని ఒంటరిగా ఓడెక్కి పోర్ట్ బ్లేయర్ వెళ్లిపోయింది. డెబ్భైల మధ్యలో సంగతి ఇది. నంద్యాలలో మా వాళ్లలో అంత దూరం పోయిన ఆడపిల్ల అప్పటికి ఇంకెవరూ లేరు.

మా నాయన బడి అయ్యవారు. ఆదివారం చర్చి నుంచి బయటికి రాగానే, "పెద్దపాప ఎప్పుడొస్తాది అయ్యవారూ? పెండ్లి చేయరా?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. నాయన నవ్వి ఊరుకునేవాడు. అమ్మకు మాత్రం ఆ రోజు అన్నం సయించేది కాదు.

ఇంతలో ఆళ్లగడ్డ నుంచి ఒక సంబంధం వచ్చింది. దూరపు చుట్టాలే, పిల్లవాడూ బడిపంతులే. ఆ వేసవి సెలవుల్లో అమ్మ నన్ను వెంటబెట్టుకుని అక్క దగ్గరికి బయలుదేరింది. బస్సు ఎక్కించేటప్పుడు నాయన ఒకటే మాట అన్నాడు. "పాప ఇష్టం కనుక్కోండి. బలవంతం చేయొద్దండి."

కడప దాకా బస్సు, మద్రాసు దాకా రైలు, ఆపైన ఓడ. ఓడలో అమ్మ తల ఎత్తలేకపోయింది. నిమ్మకాయ వాసన చూస్తూ, ప్రార్థన చేసుకుంటూ పడుకునే ఉంది. రేవులో అక్కను చూసి మేమిద్దరం ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. నల్లబడింది. నడకలో వేగం వచ్చింది. కూలీలతో హిందీలో గట్టిగా మాట్లాడి మా సామాను దింపించింది.

ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు సెలవు రోజున చిన్న లాంచీ మాట్లాడుకుని దీవుల చుట్టూ తిరిగి వచ్చేవాళ్లట. అక్క ఒకసారి మమ్మల్నీ తీసుకుపోయింది. లాంచీ కదలగానే అమ్మ నడిమధ్య బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకుంది. అక్క మాత్రం ముందు కొనకు పోయి, కమ్మీ పట్టుకుని సగం బయటికి వంగి నిలబడింది.

"ఒసేయ్, ఈడికి రా! ఆ చెట్టు కొన చూడు. గద్ద. పొట్ట తెల్లగుంది చూడు. ఏటా ఆ గూటికే వస్తాది."

నేను చూసేలోపు ఇంకోవైపు చెయ్యి చాపేది. నీళ్లలోంచి చేపలు వరసగా లేచి, రెక్కలు విప్పి, పిచ్చుకల గుంపులా ఎగిరి మళ్లీ మునిగేవి. ఒకటి లాంచీలోనే పడింది. అక్క దాన్ని రెండు చేతులా ఎత్తి నాకు రెక్క విప్పి చూపించి, గబుక్కున నీళ్లలోకి వదిలింది. కాసేపటికి డాల్ఫిన్లు వచ్చాయి. మాతో పోటీపడుతున్నట్టు లాంచీ పక్కనే ఈదుతుంటే అక్క చిన్నపిల్లలా కేకలు పెట్టింది. అమ్మ కూడా కళ్లు తెరిచింది. కానీ డాల్ఫిన్ల వైపు కాదు, అక్క వైపు చూసింది.

మధ్యాహ్నం మనుషులు లేని ఒక దీవిలో దిగాం. ఇసుకంతా శంఖాలే అనుకుంటే అవి నడవడం మొదలుపెట్టాయి. లోపల పీతలు. అమ్మ నంద్యాల నుంచి తెచ్చిన చెనక్కాయల పొడి డబ్బా మూత తీసింది. అక్క అన్నంలో కలుపుకుని తింటూ తింటూ ఆగిపోయింది. "ఈ వాసన తగిలి ఎన్నాళ్లయిందో" అంది. అమ్మ ఆ మాట పట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో సముద్రం నూనె పోసినట్టు నునుపుగా ఉంది. లాంచీ నడిపే సరంగు ఇంజను ఆపేశాడు. తాబేళ్లు ఊపిరికి పైకి వచ్చే చోటట. అక్క మా ఇద్దరి మధ్య కూర్చుని నీళ్లకేసి చూస్తోంది.

"పాపా, వచ్చేయ్" అంది అమ్మ. "ఆళ్లగడ్డ పిల్లోడు మంచోడు. మా దగ్గర్లో ఉంటావ్. ఇంత దూరాన నీకేమన్నా అయితే, మాకు కబురు అందేలోపల అంతా అయిపోతాది. నిద్ర పట్టకుండాది నాకు."

"ఉండుమ్మా. ఆడ ఒకటి లేస్తాది, చూడు."

"నేనేం చెప్తాండా, నువ్వేం చెప్తాండావ్?"

అక్క నీళ్ల మీంచి చూపు తిప్పి అమ్మ మొహంలోకి చూసింది. ఆ తర్వాత, "సరేలేమ్మా. వస్తాలే" అంది. అప్పుడే లాంచీకి దగ్గరగా ఒక పెద్ద తాబేలు తల పైకెత్తి, ఒక్కసారి ఊపిరి వదిలి మునిగింది. నేను చూశాను. అక్క చెయ్యి చాపి చూపించలేదు.

పెళ్లయింది. ఆళ్లగడ్డలో ఒక చిన్న నర్సింగ్ హోంలో అక్క కాన్పులు చూసేది. బావ మంచివాడు, పిల్లలు బాగా చదివారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. కాకపోతే అక్క గొంతు తగ్గింది. కేకలు పెట్టి ఒకరిని పిలవడం నేను మళ్లీ వినలేదు.

ఎనభైల్లో నాయన పోయాక అమ్మ నా దగ్గర నంద్యాలలోనే ఉండేది. ఒకసారి అక్క వచ్చినప్పుడు నా కూతురు పాఠాల పుస్తకం తెచ్చి, "పెద్దమ్మా, డాల్ఫిన్లను నువ్వు నిజంగా చూసినావా?" అని అడిగింది.

"ఎప్పుడో చూసినాలే" అని అక్క కూరలోకి ఎర్రగడ్డలు తరుక్కుంటూ ఉండిపోయింది.

సాయంత్రం ఆమెను ఆళ్లగడ్డ బస్సు ఎక్కించి ఇంటికొస్తే అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది.

"ఆ పొద్దు లాంచీలో పాప మొగం చూసింటివా నువ్వు?" అంది.

"చూసినా."

"నేనూ చూసినా. ఇప్పుడు అడక్కపోతే ఇంగ రాదు అనుకున్యా. అందుకే అడిగినా. అడక్కుండా ఉంటే బాగుండు."

అమ్మ పోయిన తర్వాతి ఏడాది నేను ఆళ్లగడ్డ వెళ్లాను. "పిల్లలు పెద్దోళ్లయినారు కదక్కా, మనిద్దరం ఒకసారి అండమాన్ పోయొద్దామా?" అన్నాను.

"చూసొచ్చేదానికి పోతే ఏముందే? ఆడ ఉండాల" అంది అక్క. బావ బడికి పోయే వేళయిందని, క్యారియర్ కట్టడానికి లేచింది.