ఆసామి రైఫిలుకు కొత్త బ్యారెల్

ఆళ్లగడ్డ బస్టాండులో దిగేసరికి మధ్యాహ్నం మూడు. కార్తీక మాసం. ఎండ ఉంది, వేడి లేదు. ట్రాక్టరు వచ్చి నిలబడి ఉండె. డ్రైవరు నా ట్రంకు పెట్టె చూసి, "మిలిట్రీ పెద్దాయన నువ్వేనా? ఎక్కప్పా" అన్నాడు. నల్లరేగడి బాటలో గంటసేపు ఒళ్లంతా కుదిపేసింది. పోయేకొద్దీ నల్లమల పెద్దదైంది, ఊర్లు తగ్గినాయి. బాట అయిపోయిన చోట మొక్కజొన్న. చేను చివర మంచె. అదే నా పోస్టు.

పటాలంలో నేను వంట మనిషిని. మంచు కొండల్లో వండినా, ఎడారిలో వండినా. యుద్ధం చూసినావా అని ఇంటికాడ అందరూ అడుగుతారు. చూసినా. ఇప్పుడు రాసేది దాని గురించి కాదు. పింఛను తీసుకుంటా, అరవై దాటినాక, ఈ కొండ కింద చేసిన డ్యూటీ గురించి. అన్నిటికంటే ఇదే నన్ను ఎక్కువ అలసగొట్టింది. అక్షరాలు నాకు ఈ మధ్యనే మా కోడలు నేర్పింది. తిప్పి తిప్పి రాయడం రాదు.

పోస్టులో ఇద్దరమే. హవల్దారు, నేను. ఆయనది ఉయ్యాలవాడ పక్క. పటాలంలో మెషిన్‌గన్ మనిషి. నా వయసే గానీ నిటారుగా నడుస్తాడు. మా సామాన్లు ఇవి: టార్చిలైట్లు, కర్రలు, కొట్టడానికి ఒక రేకు డబ్బా, స్టవ్వు, చేతిలో పట్టే వైర్‌లెస్ సెట్లు రెండు. ఆడ ఫోను పలకదు. ఇంకోటి, చేని ఆసామి రైఫిలు. మధ్యకు మడిచి ఒక్క తూటా పెట్టి, మూసి కాల్చేది. లైసెన్సు ఆసామిది. కాపలా మనిషిగా దాంట్లో హవల్దారు పేరు ఎక్కించినారు. చేలో పడిన అడవిపందుల్ని కొట్టేదానికి పర్మిషన్ కూడా ఆసామి తెచ్చుకున్నాడు.

రైఫిలు మాత్రం పనికిరాకుండా ఉండె. ముందటి కాపలావాడు మూతిలో మన్ను చూసుకోకుండా కాల్చినాడంట. బ్యారెల్ నడుమ ఉబ్బింది, కప్పను మింగిన పాము మాదిరి. ఆ కంపెనీ బ్యారెల్ ఇప్పుడు దొరకదు. వేరేవాళ్లు చేసిన బ్యారెల్ తెప్పించి, కాగితాలు సరిచేయించి, అమర్చమని నంద్యాలలో తుపాకుల మిస్త్రీకి ఇచ్చినాడు ఆసామి.

నేను వచ్చిన వారంలోనే పందులు రెండుసార్లు చేలో పడినాయి. ఆసామి గట్టు మీద నిలబడి చెప్పినాడు.

"ఆదివారం వస్తా. అప్పటికి తుపాకి పలకాల, పంది పడాల. లేదంటే సోలార్ కంచె వేయిస్తా. మీరు ఇండ్లకు పోండప్పా. నాకేం కోపం లేదు."

హవల్దారు ఆ పూట అన్నం సరిగా తినలేదు. బ్యాంకుల్లో కాపలాకు వయసు ఎక్కువని వద్దన్నారు. ఇది పోతే ఆయనకు మిగిలేది నంద్యాలలో అపార్ట్‌మెంటు గేటు.

"ఆడ కార్లకు సలాం కొట్టాల, లాంగ్రీ" అన్నాడు. వంటోణ్ని పటాలంలో లాంగ్రీ అంటారు. "ఈ చెయ్యి లేస్తే సెల్యూట్ అనుకుంటాది. కాదు, గేటు తీసేదానికని దానికి ఎట్ల చెప్పేది?"

శుక్రవారం పొద్దున ఇద్దరం నంద్యాల పోయినాం. మిస్త్రీ ముసలి సాయిబు. బ్యారెల్‌ను రైఫిలుకు పట్టి ఉంచే కొక్కేనికి దీపం మసి పూసి, మూసి, తెరిచి, అద్దాలు పైకెత్తి చూస్తాండాడు.

"ఏందీ, ఇంకా కాలేదా?"

"యాడ అయితాదప్పా? మసి చూడు. ఈ పక్క అంటింది, ఈ పక్క అంటలా. కొక్కెం సగమే పట్టింది. ఇంకా ఆకురాయి పెట్టాల. ఆమీట టైరుకు కట్టేసి, దూరం నుంచి తాడుతో పది తూటాలు కాల్చాల. ఒక్కో తూటాకు మళ్లీ మసి పూసి చూడాల. బుధవారం రా."

"ఆదివారం కావాల."

"ఆదివారం బిర్యానీ దొరుకుతాది. తుపాకి దొరకదు."

హవల్దారు నవ్వలేదు. "సాయిబూ, నేను అవతలోళ్లు మా మీద కాలుస్తాంటే మెషిన్‌గన్ బ్యారెల్ మార్చినోణ్ని. కాలి ఎర్రగైన దాన్ని పీకి పక్కన పడేసి, ఇంకోటి పెట్టి, మళ్లీ కాల్చినా. ఊపిరి తీసుకునేంత సేపే. ఏ గన్ను బ్యారెల్ ఏ గన్నుకైనా పడతాది."

"అది సర్కారు గన్ను. అన్నీ ఒక్క అచ్చు. ఇది చేత్తో రాసి రాసి చేసింది. దీని బ్యారెల్ దీనికే. వేరేదాన్ని కూర్చోబెట్టాలంటే బతిమాలుకోవాల."

"కొత్తల్లుణ్ని కూర్చోబెట్టినట్టా?"

"అల్లుడన్నా తొందరగా కూర్చుంటాడు."

హవల్దారు రైఫిలు తీసుకుని మూసినాడు. టక్కుమంది. "విన్యావా? కూర్చుండె."

నేను ఊరుకోలేదు. "సాబ్, మూత పడినట్టు కుక్కరు కూడా చప్పుడు చేస్తాది. సరిగా పడకపోయినా చేస్తాది. రెండొందల మందికి వండినా నేను. చప్పుడును నమ్మి పొయ్యి ముట్టించలేదు."

"నువ్వు పప్పు సంగతి చూసుకో."

అంగడి నుంచే ఆసామికి ఫోన్ చేసినాడు. ఆసామి మిస్త్రీతో మాట్లాడి, రైఫిలు ఇచ్చి పంపమన్నాడు. మిస్త్రీ అంతా విని, "నా పని కాలేదు. కాలేదనే చెప్తాండా. తీసుకపోతే మీ ఇష్టం" అన్నాడు. చేతులకంటిన మసి తుడుచుకుని నమాజుకు పోయినాడు. మేం తీసుకుని వచ్చినాం.

శనివారం ట్రాక్టరు టైరుకు రైఫిలు కట్టి, గట్టు వెనకాల పడుకుని తాడు లాగినాం. బాగా పేలింది. రెండోది కూడా.

"దీపం తెస్తా, మసి పూసి చూద్దాం" అన్నా.

"ఉండేటివి ఎనిమిది తూటాలు. అన్నీ టైరుకు పెడితే పందికి ఏం పెడతావ్? నీ పప్పా?"

మూడోది భుజానికి ఆనించి పుట్ట మీద కాల్చినాడు. మన్ను లేచింది. ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆదివారం పొద్దున ఐదూ నలభై. పొగమంచు. మంచె కిందుండే కంకులు కూడా కనపడవు. ఆయన కొండ వైపు మూలలో, నేను మంచె మీద. సెట్టు గరగరమంది.

"లాంగ్రీ, లాంగ్రీ. ఓవర్."

"చెప్పు సాబ్."

"ఓవర్ అనాల."

"ఓవర్."

"ఈడ చేను కదుల్తాంది. నాలుగో, ఐదో. డబ్బా కొట్టు, నా పక్కకు తోలు. ఓవర్."

"డబ్బాకే పోతాయి సాబ్. కాల్చాకు. ఓవర్."

సెట్టు మళ్లీ గరగరమంది.

"ఆసామి వచ్చేది ఈ పొద్దే. పడిన పంది కనపడాల. కొట్టు. ఔట్."

కొట్టినా. పేలింది. ముందటి మూడు పేలుళ్ల మాదిరి లేదు. చెదిరిన చప్పుడు, దాంట్లో ఇనుము చప్పుడు. "సాబ్" అన్నా సెట్టులో. మళ్లీ అన్నా. మంచె దిగి పరిగెత్తినా.

కొక్కెం పట్టు వదిలేసింది. ముందుకు పోవాల్సిన మంట వెనక్కి వచ్చింది. కాలిన తూటా గొట్టం కుడి కంట్లో కొట్టింది. నా తువ్వాలు కట్టి, ట్రాక్టరులో ఆళ్లగడ్డకు, ఆడ నుంచి అంబులెన్సులో నంద్యాలకు. దోవంతా ఒక్కటే మాట అడిగినాడు.

"పంది పడిందా?"

"లేదు సాబ్."

కన్ను నిలబడదని డాక్టరమ్మ సాయంత్రం చెప్పింది. ఆసామి వచ్చి ఆసుపత్రి ఖర్చు నాదేనన్నాడు. మంచోడే. కంచె గురించి ఆడ మాట్లాడలేదు. మిస్త్రీ సాయిబు కూడా వచ్చినాడు. చెప్పినా కదా అని ఒక్క మాట అనలేదు. దానిమ్మకాయలు మంచం పక్కన పెట్టి, హవల్దారు కాలు తాకి, పోయినాడు.

నేను ట్రంకు పెట్టె కోసం పోస్టుకు పోయేసరికి చేని చుట్టూ స్తంభాలు పాతుతాండారు. వైర్‌లెస్ సెట్లు డ్రైవరుకు ఇచ్చేసినా. "నువ్వన్నా ఉండొచ్చు కదప్పా, కూలోళ్లకు వండేదానికి" అన్నాడు. చాలు అన్నా. చాగలమర్రి బస్సు ఎక్కి ఇంటికొచ్చినా. డ్యూటీ ఎట్లుండె మామా అని కోడలు అడిగింది. అయిపోయిందమ్మా అన్నా. స్నానం చేసి పడుకున్నా. రెండు రోజులు లేవలేదు.

పటాలంలో చూసినవి చానా మరిచిపోయినా. ఇది పోదు. ఆ పొద్దున నేను చేలో పడి పరిగెత్తిపోతే ఆయన గట్టు కింద కూర్చుని ఉండె. ఎడమ చెయ్యి కంటి మీద. వేళ్ల సందుల్లోంచి రక్తం. నా అడుగుల చప్పుడు విన్యాడు. కుడి చేత్తో రైఫిలు ఎత్తి, మూతి నా మీదికి రాకుండా కొండ పక్కకు తిప్పినాడు. అది అప్పటికే తెరుచుకుని వేలాడతాంది. దాంట్లో తూటా లేదు, ఏమీ లేదు. నేను పోయి పక్కన కూర్చునేదాకా ఆ చెయ్యి అట్లనే తిప్పి పట్టుకుని ఉండె.